పసిబిడ్డకు ఊపిరి ఆడకపోతే



ఒకసారి సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లాను. పాలు తాగుతూ మా అక్క నాలుగు నెలల పాపకు పొలమారింది. ఏడుపు రాలేదు, పెదవులు నీలంగా మారాయి. నాయనమ్మ కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపింది. ఎవరో మాడు మీద చమురు అద్దారు. అమ్మ నా వైపు తిరిగి, "ఇంత చదివావు కదరా, ఏం చెయ్యాలో చెప్పు" అంది. మా ఇంట్లో డిగ్రీ చేసిన మొదటివాణ్ని నేనే. ఎమ్మెస్సీ జువాలజీ. కప్ప గుండెకు ఎన్ని గదులో చెప్పగలను, పాపను ఎలా పట్టుకోవాలో మాత్రం తెలియదు. పక్క వీధి నర్సమ్మ పరుగున వచ్చి వీపు మీద చరిస్తే, మూడో దెబ్బకు పాలు కక్కి ఏడ్చింది. ఆమె దగ్గర నేర్చుకుని, పుస్తకాల్లో సరిచూసుకున్నది రాస్తున్నాను. ఇది ఏడాది లోపు పిల్లల గురించి. అప్పుడే పుట్టిన బిడ్డ సంగతి వేరు.

బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక గింజుకుంటుంటే ముంజేతి మీద బోర్లా వేసి, దవడ పట్టుకుని, తల కిందికి ఉంచి, రెండు రెక్కల మధ్య 5 సార్లు చరచాలి. చరచాల్సింది మణికట్టు దగ్గరి అరచేతి అడుగుభాగంతో. అడ్డు రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మధ్యలో 5 సార్లు నొక్కాలి. అడ్డు బయటికి వచ్చేదాకా ఇలాగే మార్చి మార్చి చేయాలి. పొట్ట నొక్కకూడదు, కాలేయం దెబ్బతింటుంది. నోట్లో కనిపించని వస్తువు కోసం వేలు పెట్టకూడదు, ఇంకా లోపలికి పోతుంది.

బిడ్డ సోలిపోయి, అరికాలు తట్టినా కదలక, ఊపిరి తీయకపోతే ఒకరిచేత 108కి ఫోన్ చేయించండి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్లో పెట్టి మొదలు పెట్టండి. ఫోనే లేకపోతే రెండు నిమిషాలు చేశాక సాయానికి వెళ్లండి. గట్టి నేల మీద పడుకోబెట్టి రొమ్ము మధ్యలో 30 సార్లు నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 వేగం, లోతు సుమారు 4 సెంటీమీటర్లు. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. అంత లోతా అని నేనూ భయపడ్డాను. పైపైన నొక్కితే రక్తం కదలదు. నర్సమ్మ రెండు వేళ్లతో నొక్కమంది, చాలా ఏళ్లు అలాగే నేర్పారు. 2025లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ పద్ధతి మానేయమంది, వేళ్లతో సరిపడా లోతు రావడం లేదని. ఇప్పుడు ఒక అరచేతి అడుగుభాగంతో గానీ, ఛాతీని రెండు చేతులతో చుట్టి బొటనవేళ్లతో గానీ నొక్కాలి.

తర్వాత రెండు ఊపిరులు. మెడ మరీ వెనక్కి వంచకండి, ముక్కు పైకి చూస్తే చాలు. నోట్లో అడ్డు కనిపిస్తేనే తీయండి. బిడ్డ నోరూ ముక్కూ కలిపి మీ నోటితో మూసి, బుగ్గల్లో పట్టినంత గాలి మెల్లగా ఊదండి. ఛాతీ లేవాలి. మళ్లీ 30, మళ్లీ 2, అంబులెన్సు వచ్చేదాకా. బిడ్డ తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు.

మన హాస్టల్లో సాధనకు బొమ్మ లేదు. దుప్పటిని పసిబిడ్డంత చుట్టి నొక్కి చూడండి, బయటికి లెక్కపెడుతూ. అక్కకూ, నాయనమ్మకూ అలాగే నేర్పాను. నాయనమ్మ ముప్ఫై దాకా వెళ్లేసరికి తొట్రుపడుతుంది. అందుకని పదేసి చొప్పున మూడుసార్లు లెక్కపెడుతుంది.