ఓడ మీదే కేసు వేయొచ్చు!

నెమలి వేణుగోపాలస్వామి పేరు మీద ఎకరం భూమి ఉందనుకుందాం. దానికి హక్కుదారు ఎవరు? పూజారి కాదు, ట్రస్టు బోర్డూ కాదు. చట్టం దృష్టిలో స్వామివారే. 2019లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన అయోధ్య కేసులో రామ్‌లల్లా కూడా ఒక కక్షిదారే. మనిషి కానిది కోర్టులో వ్యక్తిగా నిలబడటం మనకు కొత్త కాదు కదా! సముద్రం మీద ఆ అవకాశం ఓడకు దక్కింది. కాకపోతే ఓడ ఎక్కువగా నిలబడేది ప్రతివాదిగానే.

తిరువూరు చుట్టుపక్కల చదువుకుంటూ, మర్చంట్ నేవీ ప్రకటనలు చూస్తున్న మీకు ఇదెందుకు అంటారా? రేపు మీ జీతం ఆగిపోతే మీ చేతిలో మిగిలే గట్టి ఆధారం ఇదే.

అసలు కథ మన విశాఖలోనే జరిగింది. ఎంవీ ఎలిజబెత్ అనే విదేశీ ఓడ 1984లో గోవాలోని మార్మగోవా నుంచి సరుకుతో బయల్దేరింది. కొన్నవాడు డబ్బు కట్టలేదు, సరుకు ఇవ్వొద్దని పంపిన కంపెనీ చెప్పింది. అయినా అవతలి రేవులో సరుకు అప్పగించేశారు. తర్వాత ఆ ఓడ విశాఖ రేవుకు వచ్చింది. గోవా కంపెనీ ఊరుకోలేదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఓడ మీదే దావా వేసి, దాన్ని అరెస్టు చేయించింది. 14.25 లక్షల రూపాయల బ్యాంకు గ్యారంటీ పెట్టాకే ఓడ కదిలింది. ఈ హైకోర్టుకు ఆ అధికారమే లేదని ఓడ తరఫువాళ్లు సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. బ్రిటిష్ కాలం చట్టాలు పట్టుకుని మన హైకోర్టుల చేతులు కట్టేయలేరని 1992లో సుప్రీంకోర్టు తేల్చేసింది. లా విద్యార్థులు ఇప్పటికీ మొదట చదివే ఓడ కేసు ఇదే.

ఓడనే ఎందుకు పట్టుకోవాలి? యజమాని ఒక దేశంలో ఉంటాడు, జెండా పనామాదో లైబీరియాదో అయి ఉంటుంది, నడిపే కంపెనీ మరోచోట. వాళ్లను వెతికేలోగా ఓడ వెళ్లిపోతుంది. చేతికి దొరికేది ఓడ ఒక్కటే. డబ్బు కట్టకపోతే కోర్టు దాన్ని వేలం వేయిస్తుంది.

2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న అడ్మిరాల్టీ చట్టంలో తొమ్మిదో సెక్షన్ ఒక్కసారి చదవండి. ఓడ మీద ఉండే ‘మారిటైమ్ లీన్’లలో సిబ్బంది జీతాలకు, ఇంటికి చేర్చే ఖర్చుకు మొదటి స్థానం. పోర్టు బకాయిలు కూడా వీటి తర్వాతే. ఓడను అమ్మేసినా, పేరూ జెండా మార్చినా ఈ బాకీ ఓడను వదలదు. అయితే జీతం రావాల్సిన రోజు నుంచి రెండేళ్లలోపు ఓడను అరెస్టు చేయించాలి. ‘చూద్దాంలే’ అనుకుంటే హక్కు పోతుంది.

అలాగని ధీమా వద్దు. ఈ చట్టం పనిచేసేది ఓడ మన జలాల్లో ఉన్నప్పుడే. పరాయి రేవులో ఆ దేశపు చట్టమే దిక్కు. పైగా తుప్పు పట్టిన ఓడను వేలం వేస్తే వచ్చేదెంత? ఆ లోపు నెలల తరబడి అందులోనే పడి ఉండాల్సి రావచ్చు. అందుకే ఎక్కకముందే ఆరా తీయాలి.

ఏజెంటు తీపి మాటలు పక్కనపెట్టి, ఓడ ఐఎంఓ నంబరు అడగండి. ఏడంకెల ఆ నంబరు ఓడకు ఆధార్ లాంటిది. పేరు మారినా అది మారదు. ఈక్వాసిస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా నమోదై ఆ నంబరు కొడితే ఓడ యజమాని, జెండా, తనిఖీల చరిత్ర కనిపిస్తాయి. యజమానులు వదిలేసిన ఓడల జాబితా అంతర్జాతీయ కార్మిక సంస్థ దగ్గర ఉంది, అందులోనూ వెతకండి. నంబరు చెప్పడానికి నసిగితే అక్కడే ఆగిపోండి.

ఏజెంటుకు డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. పొలం తాకట్టు పెట్టి లక్షలు కట్టమంటున్నారంటే అది ఉద్యోగం కాదు, బేరం. ఎంఎల్‌సీ (మన శాసనమండలి సభ్యుడు కాదు, 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం) ప్రకారం కనీసం రెండు నెలలు జీతం ఇవ్వకపోతే సిబ్బందిని వదిలేసినట్టే లెక్క. అప్పుడు నాలుగు నెలల జీతం వరకు బీమా నుంచి అడగొచ్చు. ఒప్పంద పత్రం కాపీ, జీతం స్లిప్పులు ఫోన్లోనే కాదు, ఇంటి దగ్గర కూడా ఉంచండి.

ఓడ ఎక్కడం ఇష్టం లేనివాళ్లకూ ఇందులో దారి ఉంది. డిగ్రీ తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయొచ్చు. ఇంటర్ అయితే క్లాట్ ద్వారా విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకి ప్రయత్నించవచ్చు. సివిల్, క్రిమినల్ వైపు ఉన్నంత రద్దీ ఓడల కేసుల్లో లేదు. మన తీరంలో విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం రేవులు ఉన్నాయి, అమరావతిలోని హైకోర్టుకు అడ్మిరాల్టీ అధికారం ఉంది. సరదాకి మొదలుపెట్టాలంటే ఎంవీ ఎలిజబెత్ తీర్పు నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. పెద్దదే, రెండు మూడు రోజులు పెట్టుకోండి.