ఇంటి నంబరు తేదీగా మారిందా? ఎక్సెల్‌కి ముందే చెప్పండి!

2018లో నేను బీటెక్ ఫైనలియర్. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో స్టూడెంట్ కోఆర్డినేటర్‌ని కూడా. సెలక్ట్ అయినవాళ్ల చిరునామాలు ఎక్సెల్‌లో పంపమని కంపెనీ అడిగితే ఒక్క రాత్రిలో టైప్ చేసేశా. ఒక ఫ్రెండ్ ఇంటి నంబరు 4-7. ఎంటర్ కొట్టగానే 04-జులై అయిపోయింది. కాలమ్ మొత్తం సెలక్ట్ చేసి ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చా. పైన కనిపించే వరసల్లో 3-45/ఎ లాంటి నంబర్లు బాగానే ఉన్నాయి. కిందికి స్క్రోల్ చేసి చూడకుండా పంపేశా.

మా వాడి గడిలో మాత్రం 43285 అని ఉంది. జాయినింగ్ కాగితాలు వాడి ఇంటికి చేరకుండానే వెనక్కి వెళ్లాయి. ఆఫర్ పోయిందేమోనని రెండు వారాలు వాడికి నిద్ర లేదు. సంగతి తెలిశాక, ‘ఏరా, మా ఊళ్లో నలభై మూడు వేల ఇళ్లున్నాయా?’ అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, ఆ తప్పు నాదే.

ఈ 43285 ఎక్కడిది?

ఎక్సెల్ దృష్టిలో తేదీ అంటే ఒక అంకె. 1900 జనవరి 1ని 1గా తీసుకుని రోజులు లెక్కపెడుతుంది. ఆ లెక్కలో 2018 జులై 4 అంటే 43285. మనకు కనిపించే 04-జులై దానికి వేసిన చొక్కా మాత్రమే. ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మారిస్తే చొక్కా ఊడి లోపలి అంకె బయటపడుతుంది. మనం టైప్ చేసిన 4-7 అప్పటికే పోయింది. మూడో సంవత్సరం అని చెప్పడానికి 3/4 అని కొట్టినా అంతే, 03-ఏప్రిల్ అవుతుంది.

సైంటిస్టులకూ తప్పలేదు

సెప్ట్2, మార్చ్1 అనే పేర్లున్న జన్యువులను ఎక్సెల్ సెప్టెంబరు 2, మార్చి 1గా మార్చేసేది. జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదింట ఒక వంతు పత్రాల్లో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో జన్యువుల పేర్లనే సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1గా మార్చాల్సి వచ్చింది.

టైప్ చేయకముందే...

• డోర్ నంబర్లు, రోల్ నంబర్లు, 3/4 లాంటివి కొట్టే కాలమ్‌ను ముందే సెలక్ట్ చేసి, కంట్రోల్ + 1 నొక్కి టెక్స్ట్ ఎంచుకోండి. ఆ తర్వాతే టైప్ చేయండి. గూగుల్ షీట్స్‌లో అయితే ఫార్మాట్ → నంబర్ → ప్లెయిన్ టెక్స్ట్.

• ఒకటి రెండు గడులే అయితే ముందు సింగిల్ కోట్ పెట్టి కొట్టండి: '4-7. ఆ గుర్తు గడిలో కనిపించదు.

• 2023 నుంచి కొత్త వెర్షన్లలో ఫైల్ → ఆప్షన్స్ → డేటాలో ‘ఆటోమేటిక్ డేటా కన్వర్షన్’ అనే భాగం వచ్చింది. అక్కడ టిక్ తీసేస్తే మార్చ్1 లాంటివి తేదీలుగా మారవు. కానీ 4-7 లాంటి వాటికి అది సరిపోదు. వాటికి టెక్స్ట్ ఫార్మాటే దారి.

నిజంగా తేదీలే అయితే?

ఇక్కడ ఇంకో చిక్కుంది. కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ అమెరికాది అయితే 05/08/2024 మనకు ఆగస్టు 5, ఎక్సెల్‌కి మే 8. 15/08/2024 కొడితే పదిహేనో నెల లేదు కాబట్టి దాన్ని మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. గుర్తుపట్టడం తేలికే. మీరు అలైన్‌మెంట్ మార్చకపోతే అసలైన తేదీ గడిలో కుడివైపు ఉంటుంది, అక్షరాలుగా మిగిలింది ఎడమవైపు ఉంటుంది. ఒకే కాలమ్‌లో రెండూ కనిపిస్తే ఆగండి. ఎడమవైపువే కాదు, కుడివైపు ఉన్నవాటిలోనూ రోజు, నెల తారుమారై ఉండొచ్చు.

అందుకే పని మొదలుపెట్టే ముందు విండోస్‌లో రీజియన్‌ను, గూగుల్ షీట్స్‌లో ఫైల్ → సెట్టింగ్స్‌లోని లొకేల్‌ను ఇండియాకు పెట్టుకోండి. ఇంకొకరికి పంపే ఫైల్లో 05-ఆగస్టు-2024 తరహాలో నెల పేరు కనిపించే ఫార్మాట్ వాడితే ఎవరూ పొరబడరు.

సీఎస్‌వీ ఫైల్ ఇస్తే డబుల్ క్లిక్ చేసి తెరవొద్దు. తెరిచి సేవ్ కొట్టారా, అసలు డేటా పోయినట్టే. కొత్త షీట్‌లో డేటా → ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ ద్వారా తెచ్చుకుని, డేటా టైపులను గుర్తించవద్దనే ఆప్షన్ ఎంచుకోండి. అన్నీ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. ఏ కాలమ్ తేదీయో తర్వాత మీరే చెప్పొచ్చు. ఒరిజినల్ ఫైల్ కాపీ మాత్రం ఎప్పుడూ పక్కన ఉంచుకోండి.

ఇంటర్వ్యూలో ఎందుకు పనికొస్తుంది?

ఎంఐఎస్, డేటా అనలిస్ట్, బ్యాక్ ఆఫీస్ ఉద్యోగాలకు వెళ్తే ఒక షీట్ ఇచ్చి తేదీలవారీగా సార్ట్ చేయమని అడగొచ్చు. అందరి చేతులూ వెంటనే ఫార్ములాల మీదకు వెళ్తాయి. మీరు ముందు ఆ కాలమ్‌ను పైనుంచి కిందిదాకా చూసి, ‘సర్, ఇందులో కొన్ని తేదీలు టెక్స్ట్‌గా ఉన్నాయి, ముందు అవి సరిచేస్తాను’ అనండి. డేటాను గుడ్డిగా నమ్మరని ఆ ఒక్క మాటతో ఎదుటివారికి తెలుస్తుంది.

ఆ రాత్రి నాకు లేనిది ఫార్ములాల పరిజ్ఞానం కాదు, కిందిదాకా స్క్రోల్ చేసే ఓపిక. మీరు మాత్రం సెండ్ నొక్కే ముందు చివరి వరస దాకా చూడండి. ఆ వరసలో ఉన్నది ఎవరో ఒకరి ఉద్యోగం.