పనికిరాని స్థలం ఎక్కడ?

మీ ఊరిలో "పనికిరాని స్థలం" ఏదని అడిగితే మీరు దేనిని చూపిస్తారు? నేను ఒకసారి తొమ్మిదో తరగతిలో ఈ ప్రశ్న అడిగాను. పిల్లలందరూ ఒకే వైపు చెయ్యి చూపారు. అది బడి వెనుక ఉన్న పల్లం! వానాకాలమంతా అక్కడ నీరు నిలుస్తుంది. తుంగ, జమ్ము మొలుస్తాయి. రాత్రంతా కప్పల అరుపులే. "మట్టి పోసి పూడిస్తే మంచి ఆటస్థలం అవుతుంది, సార్!" అన్నాడొక కుర్రవాడు.

మంచి ఆలోచనలాగే ఉంది. కాని ముందుగా ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక ఎకరం పల్లంలో ఒక అడుగు లోతున నీరు నిలిచిందనుకోండి. ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. అంటే అక్కడ నిలిచిన నీరు 43,560 ఘనపు అడుగులు. ఒక ఘనపు అడుగులో సుమారు 28.3 లీటర్లు పడతాయి. గుణించి చూడండి. 12 లక్షల లీటర్లు దాటింది గదా! 5,000 లీటర్ల ట్యాంకరుతో మోయాలంటే 246 సార్లు తిరిగినా ఇంకా కొంత మిగులుతుంది.

మరి పల్లాన్ని పూడిస్తే ఆ నీరు ఏమవుతుంది? మాయమైపోదు. పక్క వీధిలోకో, ఇళ్ళలోకో, మన తరగతి గదిలోకో వస్తుంది. పల్లం ఉన్నంతకాలం అది నీటిని పట్టి ఉంచి, కొంత భూమిలోకి ఇంకనిస్తుంది, కొంత నెమ్మదిగా వాగులోకి వదులుతుంది. జీతం అడగని కాపలాదారు అన్నమాట!

చిత్తడి నేలలే జలాశయాలు

ఈ సంగతి ఒక పెద్ద నది విషయంలో ఎలా రుజువయిందో చూడండి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో చార్లెస్ నది ఉంది. అది చిన్న చిన్న ఊళ్ళ మీదుగా వంకరలు తిరుగుతూ దాదాపు 80 మైళ్ళు ప్రవహించి, బోస్టన్ నగరం వద్ద సముద్రంలో కలుస్తుంది. 1955లోను, 1968లోను ఈ నదికి పెద్ద వరదలు వచ్చాయి. దిగువన నేలంతా తారు, సిమెంటు కప్పిన నగర ప్రాంతంలో వాననీరు చప్పున నదిలోకి దూకింది. ఎగువన చిత్తడి నేలలు ఉన్నచోట మాత్రం వరద నింపాదిగా కదిలింది.

ఎగువన కొత్త ఆనకట్టలు కట్టడంకంటే, ఉన్న చిత్తడి నేలలను పూడిపోకుండా కాపాడటమే చౌక అని ఇంజనీర్లు తేల్చారు. 1974లో అమెరికా పార్లమెంటు ఇందుకు ఒప్పుకుంది. 17 చోట్ల 8,103 ఎకరాలను ఎంపిక చేశారు. కొంత నేలను కొన్నారు. మిగిలిన నేల సొంతదారుల చేతిలోనే ఉంది, కాని దానిని పూడ్చకూడదన్న షరతుతో. 1983 నాటికి ఈ పని ముగిసింది. మన లెక్క ప్రకారం ఆ నేలల్లో ఒక్క అడుగు నీరు నిలిచినా దాదాపు 1,000 కోట్ల లీటర్లు!

స్థలాలకు మార్కులు

అది దేశ ప్రభుత్వం చేసిన పని. చిన్న ఊరి దగ్గర అంత డబ్బు ఎక్కడిది? అందుకే ఏది ముందు, ఏది తరువాత అన్న వరుస కావాలి. అదే మసాచుసెట్స్‌లో 1957లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి ఊరూ ఒక సంరక్షణ సంఘాన్ని ఏర్పరచుకోవచ్చు. ఊరిలోని ఖాళీ స్థలాలన్నిటి పట్టిక తయారుచేయడం ఆ సంఘం పనుల్లో ఒకటి. 2000లో వచ్చిన మరో చట్టం ప్రకారం, ఊరి ఓటర్లు ఒప్పుకుంటే ఆస్తి పన్నుపై 3 శాతం వరకు అదనంగా వసూలు చేసి ఇటువంటి పనులకు వాడవచ్చు.

పట్టికలోని స్థలాలలో దేనిని ముందు కాపాడాలి? పరీక్ష పేపరుకు వేసినట్లే ప్రతి స్థలానికీ మార్కులు వేయవచ్చు. అడగవలసిన ప్రశ్నలు ఇవి:

1. ఇది నీటిని నిలుపుతుందా? ఊరి బావులకు, చెరువుకు నీరు దీని మీదుగా వస్తుందా?
2. ఇక్కడి నేల మంచి పంట పండేదేనా?
3. ఇది మరో తోపుతోనో, గుట్టతోనో, వాగుతోనో కలిసి ఉందా? విడిగా ఉన్న ముక్కలకంటే కలిసి ఉన్న స్థలాలలో జంతువులు, పక్షులు బాగా బతుకుతాయి.
4. పశువుల మేతకు, ఆటలకు ఎవరైనా దీనిని వాడుకుంటున్నారా?
5. ఒకసారి పోతే దీనిని మళ్ళీ తేగలమా?

అయిదో ప్రశ్న చాలా ముఖ్యం. మొక్కలు నాటి కొత్త పార్కును ఎక్కడైనా పెంచవచ్చు. కాని వాగు పక్కనున్న పల్లాన్ని గుట్ట మీద తయారుచేయలేం! కనుక పెద్ద స్థలమో, అందమైన స్థలమో మొదట రావాలని లేదు. వేరే చోట జరగని పని చేస్తున్న స్థలమే మొదట రావాలి.

మీరూ చేసి చూడండి

ఇయాన్ మెక్‌హార్గ్ అనే ప్రణాళికా శాస్త్రజ్ఞుడు 1969లో వెలువడిన తన 'డిజైన్ విత్ నేచర్' పుస్తకంలో ఒక తేలిక పద్ధతిని చూపాడు. నీరు, నేల, అడవి వంటి ఒక్కో అంశాన్ని ఒక్కో పారదర్శక కాగితం మీద గీసి, విలువైన చోట్ల రంగు వేయాలి. తరువాత కాగితాలన్నిటినీ ఒకదానిపై ఒకటి పేర్చాలి. ఎక్కడ రంగు చిక్కగా కనబడితే ఆ స్థలాన్ని ముట్టుకోకూడదు.

మా తరగతిలో ట్రేసింగ్ కాగితాలతో ఇదే చేశాం. బడి వెనుక పల్లం మీద రంగు అన్నిటికన్నా చిక్కగా వచ్చింది. రోడ్డుకు అవతల మెరకగా ఉన్న మొరం నేల మీద దాదాపు ఏ రంగూ లేదు. "ఆటస్థలం అక్కడ పెట్టుకోవచ్చు, సార్!" అన్నాడు అదే కుర్రవాడు.

ఊరికి ఆటస్థలం కావాలి, ఇళ్ళులేని వారికి ఇళ్ళూ కావాలి. అన్ని స్థలాలనూ అలాగే ఉంచడం కుదరదు. ఎక్కడ కట్టకూడదో తెలిస్తే, ఎక్కడ కట్టవచ్చో కూడా తెలుస్తుంది. అయితే మ్యాపు చూసి తీర్పు చెప్పేయకండి. అక్కడ పశువులు మేపేవారిని, ఆ నేల సొంతదారులను అడగండి. వారికి తెలిసినది కాగితం మీద ఉండదు.

ఈసారి పెద్ద వాన వెలిశాక ఇంట్లో పెద్దవారిని వెంటబెట్టుకొని ఊరంతా ఒకసారి తిరగండి. నీరు ఎటునుంచి వచ్చింది, ఎక్కడ ఆగింది, ఎటు పోయింది? పుస్తకంలో గుర్తు పెట్టుకోండి. మీ మొదటి కాగితం సిద్ధమైనట్లే!