‘పుట్ ఆఫ్’ - రెండు మాటలు, ఒక క్రియ

పరీక్ష ‘పుట్ ఆఫ్’ అయినదని పాఠశాలలో ఆంగ్లమున ఒక ప్రకటన వెలసినదనుకొందము. ‘పుట్’ అనగా పెట్టుట; ‘ఆఫ్’ అనగా ఆవలకు, దూరముగా. ఈ రెండర్థములను కూడుకొన్న విద్యార్థి పరీక్షయే తొలగిపోయినదని పుస్తకము మూసివేయును. కాని పరీక్ష రద్దు కాలేదు. వాయిదా పడినది, అంతియే. రద్దయినచో ‘కాల్డ్ ఆఫ్’ అని వ్రాయుదురు.

క్రియకు ఇట్టి చిన్నమాట తోడై, క్రొత్త అర్థము నిచ్చు జంటకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అని పేరు. లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో ప్రకటించిన గ్రంథమున ఈ పేరు కానవచ్చును. పేరు క్రొత్తదైనను చిక్కు పాతదే. విదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునవి ఇట్టి జంటలని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే చెప్పియున్నాడు.

‘పుట్ ఆఫ్’ అర్థము దాని చుట్టునున్న మాటలనుబట్టి మారును. సభను ‘పుట్ ఆఫ్’ చేయుట వాయిదా వేయుట. అప్పులవానిని ‘పుట్ ఆఫ్’ చేయుట ఏదో సాకు చెప్పి పంపివేయుట. దుర్వాసన భోజనము చేయువానిని ‘పుట్ ఆఫ్’ చేసినచో వెగటు పుట్టించినదని అర్థము. ప్రక్కగదిలోని గోల చదువరిని ‘పుట్ ఆఫ్’ చేసినచో అతని ఏకాగ్రతను చెరచినదని అర్థము. దీపము నార్పుటకును మన దేశమున ఈ మాట వాడుదురు. ఇంగ్లండులో ‘టర్న్ ఆఫ్’, ‘స్విచ్ ఆఫ్’ అనుట పరిపాటి.

వాడుకలో రెండు నియమములు గుర్తుంచుకొనదగినవి. ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ అనవచ్చును. ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ అనియు అనవచ్చును. కాని ‘ఇట్’ వంటి సర్వనామము నడుమనే నిలువవలెను: ‘పుట్ ఇట్ ఆఫ్’. వెంట మరియొక క్రియ వచ్చినచో దానికి ‘ఇంగ్’ చేరును: ‘పుట్ ఆఫ్ రైటింగ్’. ‘పుట్ ఆఫ్ టు రైట్’ అనుట తప్పు.

తెలుగు బిడ్డకు ఇది వింత కానక్కరలేదు. ‘కనిపెట్టు’ అన్నపుడు ఎవ్వరును దేనిని ఎచ్చటను పెట్టరు. ‘విడిచిపెట్టు’ అన్నపుడు పెట్టుట లేదు, వదలుటయే కలదు. పెద్దల మాట ‘చెవినిబెట్టు’టకు చేతితో పనిలేదు. ఈ మాటలను ఏ పిల్లవాడును విడదీసి వల్లెవేయలేదు. వాక్యములలో వినుచు, నిండుమాటలుగా నేర్చినాడు.

ఆంగ్లమునకును మార్గమదియే. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ‘పుట్’ ఒకచోట, ‘ఆఫ్’ ఒకచోట వ్రాసి అర్థములు చెప్పుటకంటె, సభ, అప్పులవాడు, దుర్వాసన, గోల - ఈ నాలుగింటితో నాలుగు వాక్యములు వ్రాయించుట మేలు. అర్థము మాటలో కంటె దాని సహవాసములోనే తెలియును.