కోరింతదగ్గు – పసిబిడ్డల సంరక్షణము

ఈ పత్రికయందు మేము సాధారణముగా విత్తనములు, ఎరువులు, పరపతి, కాలువనీటి వంతులు మొదలగువానిని గూర్చియే వ్రాయుచుందుము. ఈ మాసము పసిబిడ్డల దగ్గును గూర్చి వ్రాయుట కొందరికి వింతగా దోపవచ్చును. కాని ఈ వ్యాధిని నివారించుట ఒక్క ఇంటివారివలన నగు పని కాదు; పదిమంది కూడి చేసిననే ఫలించును. పదిమంది కూడి చేయవలసిన పనులకొరకే సహకార సంఘములు పుట్టినవి గనుక దీనికి మన పత్రికలో చోటు కలదని మా తలంపు.

కోరింతదగ్గు పేరెరుగని పల్లె లేదు. మొదట వారము పదిదినములు ఇది సామాన్యమైన పడిశెమువలె కనబడును. ముక్కు కారును, కొద్దిపాటి దగ్గు, ఒకప్పుడు కొంచెము వెచ్చదనము ఉండును. ఆపైని దగ్గు తెరలు తెరలుగా వచ్చును. ఊపిరి తీయుటకు సందీయక పది పదునైదు దగ్గులు వెంటవెంట వచ్చి, తుదకు బిడ్డ కూతవంటి శబ్దముతో గాలిని లోనికి లాగికొనును. కన్నులు ఎర్రబడును, త్రాగిన పాలు వాంతి యగును. ఇట్లు నెల, రెండు నెలలు, ఒక్కొక్కప్పుడు మూడు నెలలు బాధించును. చీనావారు దీనిని నూరుదినముల దగ్గు అందురు.

ఇది ఎదిగిన పిల్లల సంగతి. పురిటి బిడ్డల విషయము వేరు. కూత పుట్టించుటకు తగిన బలమే వారికుండదు. దగ్గు సయితము అంతగా వినబడకపోవచ్చును. బిడ్డ పాలు కుడుచుచు కుడుచుచు ఊపిరి నిలిపివేయును. పెదవులు, గోళ్లు నీలమగును. చేతులు కాళ్లు వ్రేలవేయును. తల్లి దానిని దగ్గుజబ్బుగా గుర్తింపనే గుర్తింపదు. పిమ్మట న్యుమోనియా గాని మూర్ఛలు గాని రావచ్చును. ఈ వ్యాధిచే మరణించువారిలో అధికసంఖ్యాకులు మూడు నెలలలోపు బిడ్డలే. మేము ఇచ్చట ముఖ్యముగా వ్రాయుచున్నది వారిని గూర్చియే.

ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని బెల్జియము దేశస్థులగు బోర్డే, గెంగూ అను శాస్త్రజ్ఞులు 1906లో కనుగొనిరి. రోగి దగ్గినప్పుడును తుమ్మినప్పుడును వెలువడు తుంపరలవలన అది ఇతరులకు సోకును. రక్షణ లేనివారి నడుమ ఒక్క రోగి పన్నెండు మొదలు పదునేడుగురికి దీనిని అంటింపగలడని శాస్త్రజ్ఞుల లెక్క. ఒకే ఇంటిలో నున్నవారిలో రక్షణ లేని పదిమందికి ఎనమండుగురు తొమ్మండుగురు పడుదురు. ఇందొక చిక్కు కలదు. కూత మొదలుకాక పూర్వము, ఉత్త పడిశెమని అందరును అనుకొను దినములలోనే ఇది మిక్కిలి జోరుగా అంటును. కావున రోగిని గుర్తించి దూరముగా నుంచుదమనునప్పటికి జరుగవలసిన హాని జరిగియే యుండును.

ఇక టీకాల పట్టికను చూతము. మన దేశమున ప్రభుత్వమువారు 1978లో విస్తృత టీకా కార్యక్రమమును, 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమమును ఆరంభించిరి. 1980 ప్రాంతమున దేశమున ఏటా మూడు లక్షలకు మించి నమోదగుచుండిన కోరింతదగ్గు, తరువాతి దశాబ్దములలో పదులవేలకు దిగినది. నేడు ఈ వ్యాధికి రక్షణ పెంటావలెంట్ అను టీకాలో చేరియున్నది. కంఠసర్పి, ధనుర్వాతము, కామెర్లు కలిగించు హెపటైటిస్ బి, హిబ్ అను మరియొక సూక్ష్మజీవి – వీనికి కూడ అదియే రక్షణ. బిడ్డకు 6 వారములు నిండినప్పుడు మొదటి మోతాదు, 10 వారములకు రెండవది, 14 వారములకు మూడవది ఇత్తురు. 16 మొదలు 24 నెలల నడుమ డి.పి.టి. బలవర్ధక మోతాదు, 5 మొదలు 6 ఏండ్ల నడుమ మరియొకటి. ఇవి యన్నియు ఉచితము.

రైతులు లెక్కలెరిగినవారు, ఈ లెక్కలోని లోటును తామే పట్టుకొందురు. ఆరు వారములవరకు బిడ్డకు టీకాయే లేదు. మొదటి మోతాదుతో వచ్చు రక్షణ కొలదిపాటిది. మూడును పడిననే అది గట్టిపడును. అనగా వ్యాధి ప్రాణములు తీయు ఆ మూడు నెలలయందే బిడ్డ కట్ట లేని పొలమువలె నుండును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు కట్టకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు పేటలు మునిగిన సంగతి అందరికి తెలిసినదే. మునిగిన ఇండ్లవారు గండి పడినచోట నున్నవారు కారు. కట్ట యొకచోట, నష్టము మరియొకచోట. పురిటి బిడ్డకును అంతే. వానికి కట్ట వాని ఒంటిలో లేదు. తల్లి, అన్న, అక్క, తాత, పొరుగింటివారి ఒంటిలో నున్నది.

పసికందునకు ఈ వ్యాధి ఎవరివలన వచ్చునని పలు దేశములలో విచారించిరి. తరచుగా తల్లి, తోబుట్టువులు, ఇంటనున్న పెద్దలు అని తేలినది. టీకావలన వచ్చిన శక్తి గాని, వ్యాధి వచ్చి పోయినందున కలిగిన శక్తి గాని జన్మాంతమువరకు నిలువదు. కొన్ని ఏండ్లకు సన్నగిల్లును. అట్టి పెద్దవారికి ఇది విడువని దగ్గుగా మాత్రమే కనబడును. వారు పనిపాటులు మానరు; బిడ్డను ఎత్తుకొనుట మానరు. మన వైపున ఇరువదియొకటవ దినమున బారసాల చేసి, చుట్టములందరును బిడ్డను చేతులు మార్చి ముద్దాడుదురు. ఆనాటికి బిడ్డకు ఒక్క మోతాదైనను పడియుండదు. వేడుక మానుమని మేము చెప్పుట లేదు. దగ్గు, పడిశెము ఉన్నవారు, ఎంత దగ్గరి చుట్టములైనను, అక్షతలు దూరమునుండి వేసి భోజనము చేసి పోవుట మర్యాదయే.

ఈ టీకా పుట్టిన కథ సహకార సభ్యులు వినదగినది. అమెరికాలోని మిషిగను రాష్ట్రమున గ్రాండ్ రాపిడ్స్ అను పట్టణములో పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అను ఇద్దరు స్త్రీలు ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేయుచుండిరి. ఎల్డరింగ్ గారు తామే చిన్ననాడు కోరింతదగ్గు పడినవారు. 1932లో, ఆర్థికమాంద్యముచే జనులు కూలి లేక అలమటించుచున్న కాలమున, వీరు పగటి ఉద్యోగము ముగించి, సాయంకాలము కిరసనాయిలు దీపముల వెలుగున పేదల ఇండ్లకు పోయి, పిల్లలను పళ్లెములలోనికి దగ్గించి, ఆ సూక్ష్మజీవులను పెంచి టీకా తయారుచేసిరి. ధనము చాలనప్పుడు పట్టణపు పౌరులు తోడ్పడిరి. ఆ కృషియే పెరిగి డి.పి.టి. టీకాగా లోకమంతట వ్యాపించినది.

టీకా మానినచో నేమగునో జపాను దేశపు అనుభవము చెప్పును. అదియు మనవలెనే వరి పండించు దేశము. అచ్చట నూటికి సుమారు 80 మంది బిడ్డలకు టీకా పడుచుండిన కాలమున, 1974లో, దేశమంతటను కోరింతదగ్గు వచ్చినవారు 393 మంది, మరణములు లేవు. టీకా తరువాత ఇద్దరు బిడ్డలు మరణించిరను వార్తతో కలవరము పుట్టి జనులు వెనుదీసిరి. రెండేండ్లలో టీకా పొందు బిడ్డలు నూటికి పదిమందికి దిగిరి. 1979లో 13,000 మందికి పైగా వ్యాధి సోకి 41 మంది మరణించిరి. తరువాత 1981లో జ్వరము తక్కువగా కలిగించు క్రొత్త టీకాను ప్రవేశపెట్టి ఆ దేశస్థులు దారికి వచ్చిరి.

తల్లిద్వారా బిడ్డను కాపాడు మార్గము మరియొకటి కలదు. గర్భిణికి ఏడవ నెల మొదలు తొమ్మిదవ నెల లోపున టిడాప్ అను టీకా వేసినచో, ఆమె రక్తమున పుట్టిన రక్షకపదార్థములు మాయద్వారా బిడ్డకు చేరి, పుట్టిన మొదటి నెలలలో వానిని కాచును. ఇంగ్లండులో 2012లో ఈ వ్యాధిచే 14 మంది పసిబిడ్డలు మరణింపగా, ఆ సంవత్సరము అక్టోబరునుండి గర్భిణులకు టీకా వేయసాగిరి. తల్లి టీకా పొందిన పసిబిడ్డలలో నూటికి సుమారు 90 పాళ్లు వ్యాధి తప్పినదని అచ్చటి పరిశీలనము.

ఇచ్చట ఒక భ్రమను తొలగించుట మా విధి. మన ప్రభుత్వ కేంద్రములలో గర్భిణులకు ఇచ్చు టి.డి. టీకాలో ధనుర్వాతమునకును కంఠసర్పికిని మాత్రమే మందు కలదు, కోరింతదగ్గునకు లేదు. "గర్భిణికి టీకా వేయించితిమి గదా" యని ధైర్యపడి యుండుట తగదు. టిడాప్‌ను ప్రతి గర్భమునందును వేయించుకొనుమని మన దేశపు పిల్లల వైద్యుల సంఘమువారును ప్రసూతి వైద్యుల సంఘమువారును సిఫారసు చేయుచున్నారు. కాని దానిని ప్రైవేటు వైద్యశాలలలో వెలకు కొనవలసియున్నది. వెల కూలిజనమునకు భారమే. దుక్కికి, విత్తనమునకు అప్పులిచ్చు సంఘములు సభ్యుల ఇండ్లలోని గర్భిణులకు ఈ కొలదిపాటి సొమ్మును సర్దుట ఆలోచింపదగిన విషయమని మా అభిప్రాయము. వైద్యుని సలహా లేనిదే ఎవ్వరును స్వయముగా కొని వేయించుకొనరాదు.

పెద్దల టీకా సంగతి యెట్లున్నను, పిల్లల మోతాదులు వేళకు పడుట మన చేతిలోనిది. అవి యెక్కడ తప్పుచున్నవో చూడుడు. మొదటి కాన్పు పుట్టింట జరుగును. ఉయ్యూరు వైపు పిల్ల అవనిగడ్డ దరి పుట్టింటికి పోయి కని, మూడవ నెలనో అయిదవ నెలనో అత్తవారింటికి వచ్చును. మొదటి మోతాదు అక్కడ, రెండవది ఎక్కడను లేదు! పుట్టింటి ఆశా కార్యకర్త "అత్తవారి ఊర వేయింతురు" అనుకొనును. అత్తవారి ఊరివారికి బిడ్డ పుట్టిన సంగతియే తెలియదు. దీనికి మందు చిన్నదే. తల్లీబిడ్డల రక్షణ కార్డును చీరెసారెలతోపాటు పెట్టెలో నుంచి పంపుడు. ఊరు చేరిన వారములోనే దానిని ఆరోగ్య ఉపకేంద్రమున చూపుడు. ఒక మోతాదు తప్పినచో మొదటినుండి వేయ నక్కరలేదు. విడిచిన చోటినుండియే కొనసాగింతురు. తప్పినదని సిగ్గుపడి అసలే పోకుండుట అన్నిటికంటె కీడు.

రెండవ గండి నాట్ల కాలమున పడును. కాలువలకు నీరు వదలినది మొదలు కూలి స్త్రీలు తెల్లవారకమునుపే ఆటోలలో ఊరూరు తిరుగుదురు. టీకా దినమున బిడ్డను తీసికొని పోయినచో ఆనాటి కూలి పోవును. వారి ఇండ్లలో బిడ్డ దగ్గి, ఆ దగ్గు మన ఇంటి ఉయ్యాలకు వచ్చిన తరువాత వారిని నిందించుటకంటె, టీకా దినమున రెండు గంటలు ఆలస్యముగా వచ్చిన తల్లికి కూలి కోయకుండుట రైతునకు లాభము. ఇది దయాధర్మముగా చెప్పుట లేదు, లెక్కగానే చెప్పుచున్నాము.

టీకా వేసిన దినమున బిడ్డకు జ్వరము వచ్చును, తొడ వాచును, రాత్రి ఏడ్చును. ఇందుచే కొందరు రెండవ మోతాదుకు రారు. ఇది ఒకటి రెండు దినములలో తగ్గును. నర్సమ్మగారు చెప్పిన మోతాదులో జ్వరపు మందు ఇచ్చి, చన్నుపాలు మానకుండిన చాలును. కొద్దిపాటి పడిశెమున్నదని టీకా వాయిదా వేయుటయు తగదు. మునుపటి మోతాదుకు మూర్ఛ వంటి తీవ్రమైన బాధ కలిగియుండినచో మాత్రము ముందుగా వైద్యునికి చెప్పవలయును.

వీధులలో గాడిదపాలు పిండి ఉగ్గుగిన్నెతో అమ్మువారు మన పట్టణములలోను పల్లెలలోను నేటికిని కలరు. చుర్రున చురకలు పెట్టువారును, తాయెత్తులు కట్టువారును కలరు. వీనివలన కోరింతదగ్గు తగ్గదు. పచ్చిపాలవలన వేరు రోగములు వచ్చును. చురకలు వట్టి క్రూరత్వము. ఏడాదిలోపు బిడ్డకు తేనెయు నాకింపరాదు. చేయవలసినదేమనగా, మూడు నెలలలోపు బిడ్డ ఊపిరి నిలిపినను, నీలమెక్కినను, పాలు కుడువకున్నను, దగ్గు వినబడినదా లేదా యని చూడక, 108 వాహనమును పిలిపించి విజయవాడలోని గాని మచిలీపట్టణములోని గాని ప్రభుత్వ పెద్దాసుపత్రికి చేర్పుడు. ఇంటిలో ఎవరికైనను రెండు వారములు మించిన దగ్గు ఉండినచో వైద్యునికి చెప్పుడు. మందులు తొలినాళ్లలో వాడిన వ్యాధి తగ్గును. ఆలస్యముగా వాడినను ఇతరులకు సోకుట ఆగును. ఇంటిల్లిపాదికి మందు వలయునో లేదో వైద్యుడే నిర్ణయించును.

టీకా పడినవారికి ఈ వ్యాధి ఎన్నడును రాదని మేము చెప్పము. వచ్చినను తేలికగా పోవును. పదిమందికి అంటుట తగ్గును. ఊరిలో నూటికి తొంబదిమంది పిల్లలకు వేళకు పడినను, మిగిలిన పదిమంది ఒకే పేటవారైనచో వ్యాధికి ఆ పేటయే చాలును. కావున సరాసరి లెక్క చూచుకొని తృప్తిపడక, ఏ పేటలో ఎవరు మిగిలిరో విచారింపవలయును. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలవద్ద ఆ జాబితా ఉండును. సంఘపు ఎరువుల గొడౌను గోడమీద, ధరల పలక ప్రక్కనే, ఆ నెల టీకా దినములు వ్రాయించుటకు సుద్దముక్క తప్ప ఖర్చు లేదు. కార్యదర్శులు ఈ నెల సమావేశమునకు ఊరి ఏ.ఎన్.ఎం. గారిని పిలిచి ఆ తేదీలు వ్రాయించి, ముందురోజు సాయంకాలము దండోరా వేయింపగోరెదము.