క్లచ్ ఎందుకు అరుగుతుంది?

వరంగల్, హనుమకొండ, కాజీపేటలో ఎన్నో ఆటోలు, కార్లు కిరాయికి తిరుగుతాయి. వాటి మీదనే ఎన్నో ఇండ్లు గడుస్తాయి. క్లచ్ పోతే బండి ఆగుతుంది. ఆ రోజు గిరాకీ పోతుంది. రిపేరు ఖర్చు మీద పడుతుంది.

క్లచ్ అంటే ఏమిటి? మీ రెండు అరచేతులు గట్టిగా అదిమి పట్టండి. ఒక చెయ్యి కదిపితే రెండోదీ కదులుతుంది. ఇప్పుడు కొంచెం వదులు చేసి రుద్దండి. చేతులు వేడెక్కాయి కదా! క్లచ్ ప్లేట్లూ అంతే. అవి ఇంజను బలాన్ని చక్రాలకు అందిస్తాయి. క్లచ్ నొక్కితే విడిపోతాయి. వదిలితే కలుస్తాయి. సగం నొక్కి పట్టుకుంటే రాసుకొని అరుగుతాయి.

కారులో క్లచ్ ఎడమ కాలి దగ్గర ఉంటుంది. చాలా ఆటోలలో ఎడమ చేతి దగ్గర ఉంటుంది. ఊరికే దాన్ని నొక్కి పట్టి నడపరాదు. హనుమకొండ చౌరస్తాలో ఆగితే బండిని న్యూట్రల్‌లో పెట్టాలి. కాజీపేట బ్రిడ్జి ఎక్కుతూ మధ్యలో ఆగవలసి వస్తే బ్రేకు పట్టాలి. క్లచ్‌తో బండిని నిలపరాదు. పరిమితికి మించి మనుషుల్ని ఎక్కించరాదు.

ఇంజను మోత పెరిగినా బండి వేగం పెరగడం లేదా? కాలిన వాసన వస్తోందా? క్లచ్ అరిగి ఉండవచ్చు. వెంటనే మెకానిక్‌కు చూపించాలి.

ఏ క్లచ్ అయినా ఎప్పుడో ఒకప్పుడు అరుగుతుంది. మంచి అలవాటుతో అది ఎక్కువ కాలం వస్తుంది. మీ ఇంట్లో బండి నడిపేవారికి ఈ పాఠం చదివి వినిపించండి.