చేతికి తగిన అంబు

ఆదోని మార్కెట్టులో పింజ చూసి పత్తికి ధర కడతారు. బాణం వెనుక కట్టే ఈకలకు కూడా పింజ అనే పేరు. ఈ రెండో పింజ సంగతి నేడు తెలిసినవారు తక్కువ. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో బోయ కుటుంబాలు ఎక్కువ. వీరి పూర్వీకులు వేటగాండ్రుగా, పాలెగాండ్ర బంట్లుగా విల్లంబులు పట్టినవారే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమయింది. చేలోపడి పైరు మేసే కృష్ణజింక మీద సైతం బాణం ఎక్కుపెట్టరాదు. అయితే విలువిద్యకు దారి మూసుకుపోలేదు. వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ పోటీలున్నాయి. 50 మీటర్లు, 30 మీటర్ల దూరం నుంచి గురి కొట్టాలి. గురి తప్పితే పిల్లవాణ్ణి కోప్పడతారు గాని, అంబును ఎవరూ అనుమానించరు.

ముందు పొడవు చూడాలి. చేతులు బారజాపి, ఈ మధ్యవేలి కొస నుంచి ఆ మధ్యవేలి కొస వరకు అంగుళాల్లో కొలిచి, రెండున్నరతో భాగిస్తే అల్లెతాడును ఎంత లాగగలడో సుమారుగా తేలుతుంది. బార 65 అంగుళాలుంటే లాగుడు 26. అంబు అంతకంటే ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ వుండాలి. ఎదిగే పిల్లలకు ఇంకొంచెం ఎక్కువే మేలు. పొడుగాటి పుల్ల ఎక్కించి మెల్లగా లాగించి, పక్కన నిలబడి విల్లు దగ్గర బొగ్గుగీత పెట్టుకోవడం ఇంకా నమ్మకం. ఆ సమయంలో ఎదుట ఎవరూ వుండరాదు. పొట్టి అంబు చాలా ప్రమాదం. నిండా లాగినప్పుడు మొన విల్లు దాటి లోపలికి జారుతుంది. అప్పుడు వదిలితే విల్లు పట్టిన చేతిలోనే దిగవచ్చు.

తరువాత గట్టిదనం. వదలగానే అంబు ఒంగి, చేపలా ఆడుతూ విల్లును తప్పించుకొని పోతుంది. అందుకే ఈకలు కట్టని పుల్లను ఒకదాన్ని, ఈకలున్న అంబులతోపాటు పది అంగల దూరం నుంచి వేసి చూడాలి. కుడిచేతివాటం వారికి ఆ పుల్ల ఎడమగా పడితే అంబు మరీ గట్టిది. పుల్లను కొంచెం గీకాలి, లేదా మొన బరువు పెంచాలి. కుడిగా పడితే మెత్తది. కొద్దిగా కోస్తే బిగువు వస్తుంది. అయితే కత్తి పెట్టేముందు బొగ్గుగీత ఎక్కడున్నదో చూసుకోవాలి. అక్కడికి కోతకు చోటు లేకపోతే వేరే పుల్ల వెతుక్కోవలసిందే.

కిందికీ మీదికీ ఊగుతూ పోతే మాత్రం తప్పు అల్లెతాడుపై అంబు తగిలించే చోటుది. అక్కడ దారం చుట్టి గుర్తు పెట్టి, కొద్దికొద్దిగా జరిపి చూసుకోవాలి. ఎమ్మిగనూరులో దారానికి కొదవా!

ఈకలు మూడూ ఒకే పక్క రెక్కవి కావాలి. అంబులన్నీ ఒకే తూకంలో వుండాలి. కంసాలి త్రాసులో తూస్తే తేడా తెలిసిపోతుంది. ప్రతి అంబుకు అంకె వేసుకొంటే పదేపదే దారి తప్పేది ఏదో దొరుకుతుంది. ఆటకు ముందు రోజూ ఒక్కొక్క అంబును చెవి దగ్గర పెట్టుకొని కొద్దిగా వంచాలి. చిటుక్కుమన్నదాన్ని అక్కడే విరిచి పారవేయాలి.